అచ్చుయంత్రం చెంత నేర్పవలసిన విద్య

ఆరుగాలం శ్రమించి పండించిన మిరపను పొడిచేసి, చక్కని సంచిలో నింపి అంగడికి పంపగలిగితే పంటకు అదనపు విలువ చేకూరుతుంది. ఈ ఆశతోనే ఎందరో గ్రామీణ మహిళలు, యువకులు బ్యాంకు ఋణంతో చిన్న పరిశ్రమలు నెలకొల్పుతున్నారు. యంత్రాల ఎంపికలో చూపే శ్రద్ధను వీరిలో పలువురు ప్యాకింగ్ అచ్చు విషయంలో చూపరు. ఆ పని తరచు డి.టి.పి. కేంద్రంలో కొత్తగా చేరిన యువ డిజైనర్ చేతికి వెళుతుంది. అతనికి సరిగా నేర్పేవారు లేకపోతే ఆ నష్టం చివరకు ఋణగ్రహీతపైనే పడుతుంది.

ఒక్క అంకె తప్పితే

కారంపొడి సంచుల ఫిల్మును పెద్ద మొత్తాలలో సాధారణంగా రోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చువేస్తారు. ఇందుకు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క సిలిండరు చెక్కించాలి. ఆరు రంగుల డిజైనుకు ఆరు సిలిండర్లు కావాలి. ఫిల్మును కిలోల లెక్కన, కనీస పరిమాణానికి తగ్గకుండా కొనవలసి ఉంటుంది. ఆహార లైసెన్సు సంఖ్యలోని 14 అంకెలలో ఒకటి తారుమారైతే సిలిండరును తిరిగి చెక్కించాలి; అచ్చయిన ఫిల్ము మూలబడుతుంది. నిర్వహణ పెట్టుబడి అందులో చిక్కుకొన్నా ఋణవాయిదా గడువు మాత్రం ఆగదు.

అనుభవజ్ఞుడు నేర్పవలసిన పాఠాలు

మొదటి పాఠం కంప్యూటరు ముందు కాక, అచ్చుయంత్రం చెంత జరగాలి. పారదర్శకమైన పాలిస్టర్ ఫిల్ముకు లోపలివైపున, అద్దంలో కనిపించినట్లు తిరగవేసి అచ్చు వేస్తారు. తరువాత దానికి పాలిథిన్ పొరను అతికిస్తారు. రంగుల వెనుక తెల్లసిరా లేనిచోట సంచిలోని పదార్థపు రంగు బయటకు కనబడుతుంది. తెరపై మెరిసే ఎరుపు ఫిల్ముపై అలాగే రాదు. ఈ సంగతులు కంటితో చూసినవాడికే స్థిరపడతాయి.

రెండవది అక్షరాల పాఠం. చిన్న అక్షరాలను నాలుగు రంగుల కలయికతో వేస్తే, రంగులు వెంట్రుకవాసి జరిగినా చదువు సాగదు. తెలుగులో ఒత్తులు, గుడులు పూడిపోతాయి. అందువల్ల వాటిని ఒకే ముదురు రంగులో ఉంచాలి. మారే అవకాశమున్న చిరునామా, లైసెన్సు సంఖ్య వంటివి కూడా నల్లరంగులోనే ఉంచితే, మార్పు వచ్చినప్పుడు ఒక్క సిలిండరుతో సరిపోతుంది. ధర, తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్యలకు ఖాళీ స్థలం విడిచిపెట్టాలి. సంచిని అతికించే అంచులలో ఏ వివరమూ ఉంచరాదు. మిరప సంచి కదా అని బార్‌కోడు గీతలను ఎర్రగా వేస్తే, ఎర్రటి కాంతితో చదివే స్కానరుకు అవి కనబడవు.

మూడవది చట్టాన్ని చదివించడం. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు, 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు డిజైనర్ బల్లపై ఉండాలి. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండాలి. తెలుగును అదనంగా చేర్చుకోవచ్చు.

దిద్దే తీరు

శిష్యుని తప్పును పెద్దవాడు తానే దిద్ది పంపితే పని త్వరగా పూర్తవుతుంది గాని, విద్య అబ్బదు. ప్రూఫును చేతికిచ్చి, తప్పు ఎక్కడున్నదో అతనిచేతనే వెదికించాలి. అంకెలను ఒకరు పైకి చదువుతుండగా వేరొకరు అసలు పత్రంతో సరిచూడాలి. పాడైన సంచులను పారవేయక, కారణం రాసి దాచిపెడితే అవే పాఠ్యపుస్తకాలవుతాయి. తప్పు ఒప్పుకొన్నవాడిని అందరి ఎదుట అవమానించే చోట తప్పులు బయటపడవు; అవి నేరుగా సిలిండరు మీదికి చేరుకొంటాయి.

ఋణగ్రహీతలకు, డీలర్లకు సూచన

ప్యాకింగ్ వ్యయాన్ని ప్రాజెక్టు నివేదికలోనే చేర్చండి. కొత్త సరుకుకు తొలి విడత సాదా సంచులపై లేబుళ్లు అతికించి అమ్మి, గిరాకీ కుదిరిన తరువాతే సిలిండర్లు చెక్కించడం క్షేమం. కాగితంపై తీసిన ప్రూఫును కత్తిరించి, సంచిగా మడిచి, ప్రతి అక్షరమూ చదివిన తరువాతే సంతకం చేయండి. సరైన వివరాలు లేని ప్యాకెట్లను అమ్మినవారు కూడా చట్టానికి జవాబుదారులే గనుక, డీలర్లు సరుకు దించుకొనే ముందే లేబులు పరిశీలించాలి.

డిజైనర్‌ను తొందరపెట్టి ఒకరోజు ఆదా చేయడం కంటె, అతడు తన గురువుతో కలిసి ప్రూఫు చూసేందుకు ఆ రోజును విడిచిపెట్టడమే మీ పెట్టుబడికి రక్షణ.