ధ్వని భాషకు కొత్త తీగ: విండోస్‌పై ప్లగిన్ల నిర్మాణం, అమరిక

వీణను మలచే వడ్రంగి వేరు, వీణను పలికించే వైణికుడు వేరు. ఈ రెండు పనులూ ఒక్కరే చేయడం లోకంలో అరుదు. అయితే కంప్యూటర్ ద్వారా సంగీతాన్ని సృష్టించే విద్యలో ఈ హద్దు చెరిగిపోతున్నది. ఉన్న వాద్యం చాలదనిపించినప్పుడు దానికి మరొక తీగను తామే బిగించుకొనే అవకాశం ఇక్కడ విద్యార్థులకు కలదు. ఆ తీగ పేరే ప్లగిన్. దానిని విండోస్ కంప్యూటర్‌పై ఎట్లా నిర్మించవలెనో, ఎక్కడ అమర్చవలెనో, పొరపాట్లు ఎక్కడ జరుగుతవో మా అనుభవంలోకి వచ్చినంత మేరకు ఈ వ్యాసంలో వివరిస్తాము.

ఈ విద్యకు బీజం 1957లో పడింది. ఆ సంవత్సరం అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ అనే శాస్త్రజ్ఞుడు 'మ్యూజిక్' అనే ప్రోగ్రాంను రచించి, 17 సెకన్ల స్వరరచన ఒకదానిని కంప్యూటర్ చేత పలికించారు. తరువాతి కొద్ది ఏండ్లలోనే ఆయన 'యూనిట్ జనరేటర్' అనే భావనను ప్రవేశపెట్టారు. అనగా, కంపనాన్ని పుట్టించేది ఒక ఘటకం, దాని హెచ్చుతగ్గులను దిద్దేది మరొకటి, అనవసరమైన నాదాన్ని వడపోసేది ఇంకొకటి. ఇట్టి చిన్న ఘటకాలను కలుపుకొంటూ పోతే ఒక వాద్యం సిద్ధమవుతుంది. జేమ్స్ మెకార్ట్నీ 1996లో వెలువరించిన సూపర్‌కొలైడర్ అనే భాష ఈ పునాదిపై నిలిచినదే. 2002లో అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయింది. అప్పటి నుండి దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదువవచ్చు, దిద్దవచ్చు, ఇతరులకు పంచవచ్చు. మన చర్చకు ఈ భాషనే ఉదాహరణగా తీసుకుందాము.

ఒక పేరు, రెండు ప్రోగ్రాములు

సూపర్‌కొలైడర్ పైకి ఒకటిగా కనిపించినా లోపల ప్రధానంగా రెండు ప్రోగ్రాములు పనిచేస్తవి. మనం వ్రాసిన వాక్యాలను అర్థం చేసుకొనేది ఎస్‌సీలాంగ్ అనే భాషా విభాగం. ధ్వనిని లెక్కగట్టి స్పీకర్‌కు పంపేది ఎస్‌సీసింత్ అనే సర్వర్. మొదటిది ఆజ్ఞలను సందేశాల రూపంలో పంపుతుంది, రెండవది వాటిని నిర్వర్తిస్తుంది.

సర్వర్ పని తేలికైనది కాదు. సెకనుకు 44,100 నమూనాల చొప్పున ధ్వనిని లెక్కగట్టేటప్పుడు, అది మామూలుగా 64 నమూనాలను ఒక దఫాగా తీసుకుంటుంది. అనగా ఒక్కొక్క దఫాకు సగటున దొరికే వ్యవధి సుమారు 1.45 మిల్లీసెకన్లు మాత్రమే. అది తప్పితే ధ్వని తెగిపోతుంది. ఈ వేగం కోసమే యూనిట్ జనరేటర్లను సీ ప్లస్ ప్లస్ భాషలో వ్రాసి, యంత్రభాషలోనికి మార్చి ఉంచుతారు.

కావున ప్రతి ప్లగిన్‌కు రెండు అర్ధభాగాలు ఉంటవి. సర్వర్ కొరకు యంత్రభాషలో ఉన్న ఫైలు ఒకటి. విండోస్‌లో దాని పేరు చివర ఎస్‌సీఎక్స్ అనే అక్షరాలుంటవి. భాషా విభాగానికి ఆ ఘటకం పేరును, దానికి ఈయవలసిన విలువలను తెలిపే క్లాస్ ఫైలు రెండవది. దాని పేరు ఎస్‌సీ అనే అక్షరాలతో ముగుస్తుంది. ఈ రెండింటి పొత్తు కుదిరితేనే ప్లగిన్ పలుకుతుంది. ఈ వ్యాసంలో పాఠకులు గుర్తుంచుకోవలసిన ముఖ్యవిషయం ఇదొక్కటే.

కంపైల్ చేయడం ఎందుకు?

మన వార్షిక సంచికను ఒక అట్ట వైపు నుండి తెరిస్తే తెలుగు, రెండవ అట్ట వైపు నుండి తెరిస్తే ఉర్దూ. ఒకే భావమైనా చదివేవారిని బట్టి లిపి మారవలెను. సోర్స్ కోడ్ సంగతీ అంతే. అది మనుషులు చదివే పాఠం. దానిని ఏ యంత్రం చదువవలెనో ఆ యంత్రపు భాషలోనికి మార్చడమే కంపైల్ చేయడం. మాకింటోష్ కొరకు మార్చినది విండోస్‌లో పనికిరాదు. విండోస్‌లోనైనా 32 బిట్ల ప్లగిన్‌ను 64 బిట్ల సర్వర్ స్వీకరించదు.

అయితే పని మొదలుపెట్టక ముందు ఒకటి చూసుకోవలెను. ఎస్‌సీ3 ప్లగిన్స్ అనే ప్రసిద్ధ సంపుటం విండోస్‌కు సిద్ధరూపంలోనే లభిస్తున్నది. అందులో తీగను మీటిన ధ్వనినిచ్చే 'డీడబ్ల్యూజీ ప్లక్డ్' వంటి ఘటకాలు అనేకం కలవు. మన అవసరం దానితో తీరితే కంపైలర్ జోలికి పోనక్కరలేదు. కోరిన ప్లగిన్ సోర్స్ రూపంలో మాత్రమే దొరికినప్పుడు, లేదా మనమే ఒకటి వ్రాసినప్పుడు కంపైల్ తప్పదు.

నిర్మాణ క్రమం

ఇందుకు మూడు సాధనాలు కావలెను. సోర్స్‌ను తెచ్చుకొనేందుకు గిట్, నిర్మాణ ప్రణాళికను సిద్ధపరచేందుకు సీమేక్, యంత్రభాషలోనికి మార్చేందుకు విజువల్ స్టూడియోలోని సీ ప్లస్ ప్లస్ కంపైలర్. విజువల్ స్టూడియో కమ్యూనిటీ సంచిక విద్యార్థులకు ఉచితమే.

మొదట రెండు సోర్సులు తెచ్చుకోవలెను: ప్లగిన్‌ది ఒకటి, సూపర్‌కొలైడర్‌ది మరొకటి. రెండవది ఎందుకని అడుగవచ్చు. దర్జీ చొక్కా కుట్టాలంటే తొడిగేవారి కొలతలు కావలెను గదా! సర్వర్ కొలతలు ఆ సోర్స్‌లోని హెడర్ ఫైళ్లలో ఉంటవి. అది మన యంత్రంపై ఉన్న సూపర్‌కొలైడర్ వెర్షన్‌దే అయితే మేలు. మేము తొలిసారి గిట్‌ను వాడక, సోర్స్‌ను జిప్ ఫైలుగా తెచ్చుకొని ఒక సాయంకాలం వృథా చేసుకున్నాము. జిప్‌లో ఉపభాగాల ఫోల్డర్లు ఖాళీగా వచ్చినవి. ఉపభాగాలతో సహా తెమ్మని గిట్‌కు రికర్సివ్ అనే సూచన ఇచ్చినప్పుడు గాని చిక్కు విడలేదు.

తరువాత ప్లగిన్ ఫోల్డర్‌లో బిల్డ్ అనే ఖాళీ ఫోల్డర్ తెరిచి, అక్కడ సీమేక్‌ను నడుపవలెను. సూపర్‌కొలైడర్ సోర్స్ ఎక్కడున్నదో ఎస్‌సీ పాత్ అనే పేరుతో దానికి తెలుపవలెను. 64 బిట్ల నిర్మాణమని స్పష్టంగా చెప్పవలెను. విజువల్ స్టూడియో 2017, అంతకు పూర్వపు సంచికలతో, చెప్పకపోతే సీమేక్ 32 బిట్లనే ఎంచుకుంటుంది. చివరి మెట్టు నిర్మాణం. అక్కడ రిలీజ్ పద్ధతిని కోరవలెను. మరచితే డీబగ్ పద్ధతిలో తయారై, ప్లగిన్ మందకొడిగా నడుస్తుంది.

అమరిక, పరీక్ష

తయారైన రెండు అర్ధభాగాలనూ ఎక్స్‌టెన్షన్స్ అనే ఫోల్డర్‌లో ఉంచవలెను. అది సీ డ్రైవ్‌లోని యూజర్స్‌లో, మన పేరిట ఉన్న ఫోల్డర్‌లో, యాప్‌డేటా, లోకల్, సూపర్‌కొలైడర్ అనే వాటి లోపల ఉంటుంది. యాప్‌డేటాను విండోస్ మామూలుగా కనబడనీయదు గనుక, వ్యూ మెనూలో దాచిన ఫైళ్లను చూపమని కోరవలెను. లేని పక్షంలో ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌ను మనమే సృష్టించుకోవచ్చు. పిమ్మట కంట్రోల్, షిఫ్ట్, ఎల్ మీటలను కలిపి నొక్కి క్లాస్ లైబ్రరీని తిరిగి కంపైల్ చేయించవలెను. సర్వర్‌ను ఆపి మరల ప్రారంభించవలెను. మొదటిది భాషా విభాగం కొరకు, రెండవది సర్వర్ కొరకు.

అప్పటికీ ప్లగిన్ పలుకకపోతే అధైర్యపడరాదు. దోషం ఏ భాగంలో ఉన్నదో తెరపై వచ్చే సందేశమే చెబుతుంది. క్లాస్ నిర్వచింపబడలేదని వస్తే భాషా భాగం లోపించినది. యూనిట్ జనరేటర్ ఇన్‌స్టాల్ కాలేదని వస్తే ఎస్‌సీఎక్స్ ఫైలు సర్వర్‌కు చేరలేదు. ఒకే క్లాస్ రెండుమార్లు కనిపించినదని వస్తే పాత ప్రతిని తొలగించవలెను. ఏపీఐ వెర్షన్ కుదరలేదని వస్తే కొలతలు మారినవన్నమాట. సరియైన సోర్స్‌తో మరల కుట్టవలసినదే.

కాలేజీ కమిటీ వారికి ఒక మనవి

పైన చెప్పిన ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్ వినియోగదారుని సొంతం. అందులో ప్లగిన్ ఉంచుటకు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అవసరం లేదు. కాని విజువల్ స్టూడియోను స్థాపించుటకు ఆ పాస్‌వర్డ్ కావలెను. ఇంట కంప్యూటర్ లేని విద్యార్థికి లాబొరేటరీయే దిక్కు. అక్కడ ఒక్క యంత్రంపైనైనా ఈ మూడు సాధనాలను స్థాపింపజేస్తే, అందుపై నిర్మించిన ప్లగిన్‌ను అదే వెర్షన్ ఉన్న తక్కిన విండోస్ యంత్రాలకు నకలు చేసుకొనవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు పైకం కూడ అక్కరలేదు, అనుమతి చాలును.

ఇతరులు చేసి ఇచ్చినదానిని వాడుకొనడంలో తప్పు లేదు. కాని అది ఆగిపోయిన నాడు మూత తెరిచి లోపల చూడగలిగినవాడే దానికి యజమాని. ఒక తప్పు సందేశాన్ని ఓపికతో చదివి, దోషం ఏ వైపున ఉన్నదో కనుగొని సరిదిద్దిన విద్యార్థికి ఆ అభ్యాసం ఒక్క సంగీతంతోనే ముగియదు. ఏ యంత్రం ముందు కూర్చున్నా తోడుగా వస్తుంది.