గడీ గోడకు ఊపిరుంటుంది

పారిస్ నగరంలో ఉప్పు పన్ను వసూళ్ళతో గడించిన ఒక పెద్దమనిషి 1656లో మేడ కట్టడం మొదలుపెట్టాడు. మూడేళ్ళలో లేచిన ఆ మేడకు జనమే ‘ఉప్పు మేడ’ అని పేరు పెట్టారు. 1985 నుంచి అందులో పికాసో మ్యూజియం నడుస్తున్నది. ఆ కాలపు ఫ్రెంచి ప్రభువుల పట్నపు ఇండ్లన్నీ ఇంచుమించు ఒక్క తీరే. బజారు వైపు ఎత్తు గోడ, గుర్రపు బగ్గీ పట్టే దర్వాజ, లోపల ముంగిలి, దాని చివర అసలు ఇల్లు, వెనక తోట. వంటశాల, గుర్రపుసాల ముంగిలి పక్కకు. బజారు మోత ప్రభువుగారి పడకగది దాకా రాదు.

ఇంత చెప్పగానే మన పాత కరీంనగర్ జిల్లా పల్లెల్లో పెరిగినవాళ్ళకు దొర గడీ యాదికొస్తుంది బిడ్డా. పెద్ద దర్వాజ దాటితే రైతులు చెప్పులు విడిచి నిలబడే వాకిలి. తర్వాత దొర కూర్చునే హజారం. ఆ లోపల ఆడవాళ్ళుండే అర్రలు. ఎవరు ఎందాక రావచ్చునో ఒకరు చెప్పే పని లేదు, గోడలే చెప్పేవి. పారిస్‌ను చూసి మన దొరలు కట్టారని కాదు. పదిమంది కష్టం మీద బతికేవాడికి పదిమందికీ దూరంగా ఉండాలనిపిస్తుంది. ఆ దూరాన్ని అక్కడా ఇక్కడా మేస్త్రీలే కట్టి ఇచ్చారు.

మన మేస్త్రీకి ఇంకో లెక్క కూడా ఉండేది: ఎండ. ఎండకాలం 45 డిగ్రీలు దాటే రామగుండం వైపు గడీ లోపల చల్లగా ఎట్లుండేది? గోడ మందం వల్ల. వేడి గోడలో చాలా నెమ్మదిగా నడుస్తుంది. అడుగున్నర గోడ దాటడానికి దానికి సగం రోజు పైనే పడుతుంది, అదీ దారిలో చాలావరకు అరిగిపోయి. మధ్యాహ్నపు ఎండ లోపలి అర్రకు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పటికి బయట చల్లబడి ఉంటుంది. నేలలో మూడడుగులు తవ్వి చూస్తే పగలు, రాత్రి తేడా దాదాపు కనబడనిదీ ఇందుకే. నడుమ వాకిలి ఇంకో ఉపాయం. రాత్రి మొగులు లేని ఆకాశానికి వాకిలి తన వేడిని వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి అందులోకి దిగుతుంది, తెల్లారాక కూడా కొంతసేపు అక్కడే నిలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సున్నం సంగతి. మన బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకి ఆధారమైన సున్నపురాయి ఉన్నదే, ఆ జాతి రాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే నూరు కిలోలకు 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలోకి పోతుంది, 56 కిలోల సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. దాన్ని ఇసుకతో కలిపి, గుండ్రటి గాడిలో రాతి చక్రం కింద ఎద్దులతో తిప్పించి రుబ్బితే డంగు సున్నం. గోడ కట్టాక సున్నం పోయిన వాయువును గాలి నుంచి మళ్ళీ తాగుతూ ఏండ్ల తరబడి తిరిగి రాయిగా మారుతుంది. చెమ్మ పీలుస్తుంది, ఆరుతుంది. అట్లాంటి గోడకు పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి, పెచ్చులు ఊడిపడతాయి. పాత ఇండ్లు బాగుచేసే వాళ్ళు ఈ ఒక్క తప్పు చేయకుంటే చాలు.

ఆ సున్నపు గానుగ తిప్పినవాళ్ళు, రాళ్ళు మోసిన వడ్డెరలు, దంతెలు చెక్కిన వడ్లోళ్ళు చాలాచోట్ల వెట్టి చేసినవాళ్ళే. అందుకే గడీల మీద జనానికి అంత కోపం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను విసునూరు దొర మనుషులు కాల్చి చంపాక దొరల మీద పోరాటం ఊరూరా అంటుకున్నది. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర తర్వాత మన వైపు ఎందరో దొరలు గడీలు విడిచి పట్నం చేరారు. కొన్ని గడీలు కూలిపోయాయి, కొన్నిటి రాయీ కలపా ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకపోయారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ గోడల్లోని పనితనం దొరది కాదు, మన తాతలది. అది మట్టిపాలైతే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కామారెడ్డి జిల్లా దోమకొండలో గడికోట నిలబడింది. చుట్టూ కందకం, లోపల కాకతీయుల తీరు మహాదేవుడి గుడి, కమానులూ సున్నపు నగిషీలూ ఉన్న అద్దాల మేడ. దాన్ని శ్రద్ధగా బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

మంథని దాకా పోతే అక్కడి పాత భవంతుల గోడలు చూడు బిడ్డా. గోడను గీకకు, కింద రాలిన పెచ్చు ఒకటి తీసుకుని దాని మీద నిమ్మరసం చుక్క వెయ్యి. బుసబుస నురగ వస్తే అది సున్నం. ఆ బుడగల్లో ఉన్నది, కట్టిననాటి నుంచి ఆ గోడ మన గాలిలోంచి తాగిన కార్బన్ డయాక్సైడే.