జ్వరం లేనివాళ్ళకూ రక్తపరీక్ష

ఇప్పుడు ఒడిశాలో ఉన్న కోరాపుట్, రాయగడ కొండలు 1936 వరకూ విశాఖపట్నం జిల్లాలోవే. అక్కడికి బదిలీ అంటే మైదానపు ఉద్యోగులు జడిసేవారు. కారణం మన్యపు జ్వరం, అంటే మలేరియా. ఉద్యోగి కొన్నాళ్ళకు కొండ దిగి వచ్చేసేవాడు. అక్కడే పుట్టి పెరిగే కోదు, సవర పిల్లలకు దిగి వెళ్ళే చోటు లేదు.

ఆ కొండల్లో మలేరియాను మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లువియాటిలిస్. ఇది మురుగుగుంటల్లో కాదు, తేటగా పారే కొండవాగుల్లో పెరుగుతుంది. వాగులన్నిటికీ మందు కొట్టడం అయ్యే పని కాదు.

దోమకన్నా చిక్కు మరొకటుంది. మలేరియా పదేపదే సోకిన ఒళ్ళు దానికి కొంత అలవాటు పడుతుంది. రక్తంలో క్రిమి ఉన్నా జ్వరం రాదు (లక్షణాలు లేని మలేరియా). ఆ మనిషి మామూలుగానే పోడు పనికి వెళ్తుంటాడు. అతన్ని కుట్టిన దోమ తర్వాత పక్కింటి పసిబిడ్డను కుడుతుంది, గర్భిణిని కుడుతుంది. వాళ్ళకు అది ప్రాణాల మీదికి వస్తుంది. జ్వరంతో ఆసుపత్రికి వచ్చినవారికే పరీక్ష చేస్తే, క్రిమిని మోస్తున్న ఆ మనిషి ఎన్నటికీ దొరకడు.

ఒడిశా ఆరోగ్యశాఖ 2017లో మొదలుపెట్టిన 'దమన్' పథకం పట్టుకున్నది ఈ కీలకాన్నే. పూర్తిపేరు 'దుర్గమ అంచళరే మలేరియా నిరాకరణ' (చేరరాని ప్రాంతాల్లో మలేరియా నివారణ). దారి సరిగా లేని ఊళ్ళకు సిబ్బందే వెళ్తారు. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి శిబిరం పెడతారు. జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరికీ వేలి నుంచి రక్తం తీసి చూస్తారు. క్రిమి కనబడితే పూర్తి మోతాదు మందులిస్తారు. మందు పూసిన దోమతెరలు పంచుతారు. మధ్యకాలంలో పరీక్ష కిట్లు, మాత్రలు ఊళ్ళోని ఆశా కార్యకర్త దగ్గరే ఉంటాయి. నా దృష్టిలో పథకానికి ప్రాణం ఆమె. ఊరివారి భాషలో, కువిలోనో సవరలోనో, మాట్లాడగలిగే మనిషి చెబితేనే ఒంట్లో బాగున్నవాళ్ళు మాత్ర మింగుతారు.

ఆరోగ్య సమత (అందరికీ ఆరోగ్యం అందే అవకాశం) అంటే అందరికీ ఒకే కొలత కాదు. రోడ్డు పక్క ఊరికి ఆసుపత్రి తలుపు తెరిచి ఉంటే చాలు. కొండ ఊరికి ఆసుపత్రే నడిచి వెళ్ళాలి. ఖర్చు ఎక్కువే. ఫలితం కూడా కనిపించింది. ఒడిశాలో 2016లో సుమారు 4.44 లక్షల మలేరియా కేసులు నమోదయ్యాయి. 2018కి అవి దాదాపు 66 వేలకు దిగాయి.

2023, 2024లలో కేసులు మళ్ళీ పెరిగాయి. ఇక్కడొక మెలిక గమనించాలి. మలేరియా తగ్గిన ఏళ్ళలో పుట్టిన పిల్లల ఒంటికి ఆ పాత అలవాటు లేదు. వానల ముందు శిబిరం ఒక్కసారి తప్పినా జ్వరం ముందు వాళ్ళనే గట్టిగా పట్టుకుంటుంది.