రొయ్యల గుంటకు ఊపిరాడేదెలా?

నెల్లూరు జిల్లాలో కండలేరు క్రీకు వెంట రొయ్యల గుంటలున్నాయి. రాత్రివేళ వాటిలో ఏరేటర్లు నీటిని చిలుకుతుంటాయి. ఎందుకో తెలుసా?

మన దేశంలో 2009లో వెనామీ రొయ్యల పెంపకాన్ని అనుమతించినపుడు, చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వదలరాదని నిబంధన పెట్టారు. అంటే హెక్టారుకు 6 లక్షలు! వాటికి వేసే మేతలోని నత్రజనిలో సుమారు నాలుగో వంతే రొయ్యల ఒంటికి పడుతుంది. మిగిలినది తినని మేతగా, విసర్జనగా గుంటలోనే ఉండిపోయి, చాలావరకు అమ్మోనియాగా మారుతుంది. అది విషం. అదే ఎరువై, కంటికి కనబడని నాచును దట్టంగా పెంచుతుంది. పగలు ప్రాణవాయువునిచ్చే ఆ నాచే రాత్రి దానిని వాడుకుంటుంది. అడుగున కుళ్లే మడ్డీ అంతే. ఏరేటర్లు ఆగితే తెల్లవారేసరికి రొయ్యలు తేలిపోతాయి! పిల్లలు ఎక్కువైన కొద్దీ మేతా, మడ్డీ, ప్రమాదమూ ఎక్కువే.

మరి ఆ మురికినీరు ఎక్కడికి పోతుంది? క్రీకులోకే. ఒకరు వదిలిన నీటినే పక్కవారు తోడుకుంటారు. 1994లో నెల్లూరు తీరంలో రొయ్యలకు వైరస్ వ్యాధి వచ్చినపుడు, ఆ నీటితోపాటే రోగమూ గుంట నుండి గుంటకు పాకింది. ఎందరో రైతులు నష్టపోయారు.

అందుకే పిల్లలను పలుచగా వదలాలి, మేతను కొలిచి వేయాలి. వాడిన నీటిని వేరే గుంటలో నిలిపి, మడ్డి పేరుకున్నాకే వదలాలి. మన గుంట మురికి మన గట్టు దగ్గర ఆగదు మరి!