ఐదున్నర నిమిషాల కోసం పది నెలలు

దుబాయ్‌లో సోనాపూర్ క్యాంపు. మా రూములో ఎనిమిది మంచాలు, ఎనిమిది మందిమి. ఇద్దరు కడప వాళ్ళు, ఒకాయనది తాడేపల్లిగూడెం పక్క పల్లె, మిగతా అందరం జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళం. అందరిలోకి చిన్నవాడు జగిత్యాల తమ్ముడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి ఇక్కడ తమ్ముడనే అంటాం.

2024 జూలైలో ఒక రాత్రి వాడు ఇంటికి వీడియో కాల్ చేశాడు. "మంచిగ లావైనవ్ బిడ్డా, కడుపు నిండ తింటున్నవ్" అని వాళ్ళమ్మ సంబరపడింది. ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏమైందిరా అంటే చాలాసేపు పలకలేదు. చివరికి, "గిట్లయితే నేను మిల్ట్రీకి ఎట్ల పోతనే అన్నా?" అన్నాడు.

మేము నవ్వాం. వాడు నవ్వలేదు. మర్నాడు గోదాములో సరుకు తూచే కాటా మీద నిలబడ్డాడు. 84 కిలోలు. ఎత్తు 171 సెంటీమీటర్లు. ఇక్కడికి వచ్చిననాడు 68 ఉండేవాడట. పద్నాలుగు నెలల్లో పదహారు కిలోలు ఎక్కాడు.

పదమూడు సెకన్లు

వాడి కథ మనలో చాలామంది ఇళ్ళలో ఉన్న కథే. కరోనా పేరుతో 2020 నుంచి రెండేళ్ళ పాటు ఆర్మీ ర్యాలీలు ఆగిపోయాయి. అప్పటిదాకా గ్రౌండులో చెమటోడ్చిన పిల్లలకు వయసు దాటిపోయింది. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించారు. మూడు రోజుల తర్వాత సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో జరిగిన గొడవలో పోలీసు కాల్పులకు వరంగల్ జిల్లా కుర్రాడొకడు చనిపోయాడు. ఆ వార్త మేము ఈ రూములోనే ఫోన్లలో చూశాం.

ఆ ఏడాది ర్యాలీలో తమ్ముడు 1600 మీటర్లు పరుగెత్తాడు. 5 నిమిషాల 45 సెకన్లలోపు రావాలి. వాడు 5 నిమిషాల 58 సెకన్లకు వచ్చాడు. పదమూడు సెకన్ల తేడాతో బయటికి పంపేశారు. ఇంట్లో అక్క పెళ్ళి అప్పు ఉంది. 2023 మేలో వీసా తీసి విమానం ఎక్కించారు.

"ఇంకొక్కసారి దేవులాడుత. గదే ఆఖరు" అన్నాడు. లెక్క వేశాం. అప్పటి నియమం ప్రకారం అగ్నివీర్‌కు పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్ళ మధ్య ఉండాలి. వాడు పుట్టింది 2005 జనవరిలో. రెండేళ్ళ కాంట్రాక్టు 2025 మేలో అయిపోతుంది. ఆ ఏడాది భర్తీ తప్పితే వయసు దాటినట్టే. చేతిలో ఉన్నది పది నెలలు.

ఇక్కడ లావెందుకు అవుతాం?

రోజంతా కష్టపడే వాడికి ఒళ్ళెట్లా వస్తుందని ఊళ్ళో అడుగుతారు. మా రూము మెస్సు లెక్క చూస్తే మాకే తెలిసింది. ఎనిమిది మందికి ఐదు లీటర్ల నూనె డబ్బా ఎనిమిది రోజులకే అయిపోయేది. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు. తమ్ముడు రోజుకు మూడు కూల్‌డ్రింకు డబ్బాలు తాగేవాడు. ఒక్కో డబ్బాలో ఏడెనిమిది చెంచాల చక్కెర. డ్యూటీలో రెండు ఖుబ్బూసులు, రాత్రి పదింటికి పళ్ళెం నిండా అన్నం, తిన్న పదినిమిషాలకు పడక. సెలవు వస్తే బిర్యానీ. వాడి పని ఫోర్క్‌లిఫ్టు మీద కూర్చుని చేసేదే. మరి ఒళ్ళు రాక ఏమవుతుంది?

తాడేపల్లిగూడెం అన్న చాలాకాలం మెస్సులో వంట చేసినవాడు. "ఏరా బాబూ, పస్తులుండి తగ్గితే గ్రౌండులో పడిపోతావు. తింటూనే తగ్గాలి" అన్నాడు. ఆయన సొంతూరికి దగ్గర్లోనే మిలిటరీ మాధవరం ఉంది. ఇంటికొకరు సైన్యంలో చేసిన ఊరది. అందుకే ఈ విషయంలో ఆయన మాటకు మా రూములో విలువెక్కువ.

కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు ఖర్చవ్వాలి. రోజుకు ఐదువందలు తగ్గిస్తే వారానికి అరకిలో చొప్పున దిగుతుంది. అంతకంటే తొందరపడితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. ఈ లెక్కను తమ్ముడు కాగితం మీద రాసి మంచం పక్కన అంటించుకున్నాడు.

మెస్సులో మార్పు వాడి ఒక్కడి కోసం మొదలైంది. అన్నం పళ్ళెంలో సగానికి తగ్గింది. ఆ జాగాలో పప్పు, పాలకూర, దోసకాయ వచ్చాయి. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, డ్యూటీలో శనగలు. కోడి తోలు తీసేసి వండటం. కూల్‌డ్రింకు బదులు చక్కెర లేని లబన్. రాత్రి భోజనం ఎనిమిదింటికి. నూనె డబ్బా పదహారు రోజులు రావడం మొదలైంది. మొదట్లో కడప అన్న "ఇదేం సప్పిడి కూడబ్బా" అని గొణిగాడు. నెల తిరిగాక ఆయనే అలవాటు పడ్డాడు.

తప్పు చేసిన వారం

ఎండాకాలం ఇక్కడ ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించొద్దని ఇక్కడ రూలే ఉంది. అట్లాంటప్పుడు పరుగెక్కడ? మొదటి రెండు నెలలు తెల్లవారుజామున నాలుగింటికి నడక మాత్రమే. నలభై నిమిషాలు, వెంట నీళ్ళ సీసా.

మా డ్రైవర్ అన్న బండి మీటరు చూసి క్యాంపు చుట్టూ ఎనిమిది వందల మీటర్ల దారి కొలిచాడు. రెండు చుట్లు తిరిగితే 1600. సెప్టెంబర్ చివర్లో మొదటిసారి పూర్తిగా పరుగెత్తితే 11 నిమిషాలు పట్టింది. అది చూసి వాడికి కంగారు పుట్టింది. మాకు చెప్పకుండా రాత్రి తిండి మానేశాడు. పగలు నీళ్ళు కూడా తగ్గించాడు. బరువు తొందరగా దిగుతుందని ఎవరో చెప్పారట. పైగా డ్యూటీ సేఫ్టీ బూట్లతోనే రోజూ పరుగు.

ఆరోనాడు లోడింగ్ దగ్గర కళ్ళు తిరిగి పడ్డాడు. ఫోర్క్‌లిఫ్టు దిగాక పడ్డాడు కాబట్టి సరిపోయింది. నడుపుతుండగా పడితే? ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మాకు ఒళ్ళు జలదరిస్తుంది. క్లినిక్కులో సెలైన్ ఎక్కించారు. మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి ఉందంటే రెండు వారాలు పరుగు బంద్ చేయమన్నారు. నీళ్ళు మానేస్తే తగ్గేది ఒంట్లో నీరే కానీ కొవ్వు కాదని, తాగిన మర్నాడే మళ్ళీ ఎక్కుతుందని అక్కడి నర్సమ్మ గట్టిగా చెప్పింది.

ఆ రాత్రి రూములో అందరం కూర్చున్నాం. "నీకేమన్నయితే మీ అమ్మకు మేం ఏం చెప్పాలె?" అని అడిగాం. వాడు ఏడ్చాడు. ఇక నుంచి పళ్ళెం మా ముందే ఖాళీ చేయాలని షరతు పెట్టాం. తలా కొంత వేసి పరుగు బూట్లు కొన్నాం.

పైపు పట్టుకుని వేలాడి...

గ్రౌండు మార్కులు వందకు ఇట్లుంటాయి. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు వస్తే 60 మార్కులు. టైము పెరిగేకొద్దీ మార్కులు తగ్గుతాయి. బీమ్ పది తీస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల గుంత దూకాలి, సన్నటి జిగ్‌జాగ్ దిమ్మె మీద పడకుండా నడవాలి. ఈ రెంటికీ మార్కులు లేవు కానీ పాసవ్వాలి.

బీమ్ దగ్గర 84 కిలోల మనిషి 84 కిలోలూ చేతులతో పైకి లాగాలి. మొదటిరోజు తమ్ముడు ఒక్కటి కూడా తీయలేదు. పైపు పట్టుకుని ఊరికే వేలాడటంతో మొదలుపెట్టాడు. తర్వాత స్టూలు ఎక్కి గడ్డం పైపు మీదికి తెచ్చి, మెల్లగా కిందికి దిగడం. డిసెంబర్లో ఒకటి తీశాడు. ఆ ఒక్కటికే మేం ఎనిమిది మందికి చాయ్ పోయించాం. ఒళ్ళు తగ్గేకొద్దీ లెక్క పెరిగింది. ఫిబ్రవరికి నాలుగు, ఏప్రిల్‌కి ఎనిమిది.

పరుగు కూడా అంతే. రోజూ ఒకే తీరు ఉరకకుండా, ఒకరోజు మెల్లగా నాలుగు కిలోమీటర్లు, ఒకరోజు నాలుగువందల మీటర్ల ముక్కలు వేగంగా, మధ్యలో విశ్రాంతి. వారానికి ఒక్కరోజే టైము పెట్టి 1600. చలికాలానికి 7.20, మార్చికి 6.05, మేలో 5.40. అప్పటికి బరువు 67. పది నెలల్లో పదిహేడు కిలోలు. అంటే వారానికి అరకిలోకి కాస్త అటూ ఇటూగా, కాగితం మీది లెక్కకు దగ్గరగానే.

మూడు లక్షల ఫోన్

2025 మార్చిలో దరఖాస్తు ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పెట్టాం. ఫీజు 250 రూపాయలు. 2023 నుంచి పద్ధతి మారింది, ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష, అందులో నెగ్గినవాళ్ళకే గ్రౌండు. పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. కాబట్టి ఒళ్ళు తగ్గితే చాలదు, పుస్తకం కూడా పట్టాలి. డ్యూటీ నుంచి వచ్చాక రాత్రి గంటన్నర లెక్కలు, జీకే. నిజామాబాద్ అన్న ఇంటర్ చదివాడు, ఆయనే మాస్టారు.

అంతలో తమ్ముడి నాయన ఫోన్ చేశాడు. ఊళ్ళో ఒకడు వచ్చి, మూడు లక్షలిస్తే నౌకరి ఖాయమన్నాడట. "ఎకరం కుదువ పెడుదునా బిడ్డా?" అని అడిగాడు. ఫోన్ మేము తీసుకున్నాం. "బాపూ, పైసలిస్తే వచ్చే నౌకరి కాదిది. భర్తీకి పైసా తీసుకోమని, దళారులను నమ్మొద్దని ఆర్మీ వాళ్ళే మళ్ళీ మళ్ళీ చెప్తున్నరు. భూమి జోలికి పోకు" అన్నాం. పెద్దాయన సరే అన్నాడు. మనం ఇక్కడ ఎండలో సంపాదించిన సొమ్ము ఇట్లాంటి వాళ్ళ చేతిలో పడ్డ ఇళ్ళు మాకు తెలుసు. అందుకే ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాం.

రూములో వాదన కూడా జరిగింది. కడప అన్న సూటిగా అడిగాడు: "నాలుగేండ్లకే ఇంటికి పంపిస్తే ఏం చేస్తావురా?" న్యాయమైన ప్రశ్నే. అగ్నివీర్లలో నాలుగేళ్ళ తర్వాత నూటికి ఇరవై ఐదు మంది దాకానే రెగ్యులర్‌గా ఉంచుకుంటారన్నది పథకంలోని మాట. జీతం మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాదికి 40 వేలు. అందులో ముప్పై శాతం సేవానిధికి పోతుంది, అంతే మొత్తం ప్రభుత్వం వేస్తుంది, చివర్లో వడ్డీతో పదకొండు లక్షలు దాటి వస్తాయి. పింఛను లేదు. తమ్ముడు విని, "ఈడ కూడ రెండేండ్లకోసారి కాంట్రాక్టేగదనే అన్నా" అన్నాడు. మా దగ్గర జవాబు లేకపోయింది.

అన్నా, రాలే

మే నెలాఖరులో వాడిని ఎయిర్‌పోర్టులో దింపాం. రాతపరీక్ష రాసి పాసయ్యాడు. ర్యాలీలో 1600 మీటర్లు 5 నిమిషాల 38 సెకన్లు. బీమ్ తొమ్మిది. మెడికల్‌లో చెవిలో గుబిలి ఉందని ఆపి, శుభ్రం చేయించుకు రమ్మన్నారు. మళ్ళీ పోయి నెగ్గాడు. ఇంత చిన్న విషయానికి కూడా ఆగిపోవచ్చని మాకు అప్పుడే తెలిసింది. పిల్లలున్న వాళ్ళు పళ్ళు, చెవులు, కళ్ళు, పాదాలు ముందే డాక్టరుకు చూపించండి.

చివరి జాబితాలో వాడి పేరు రాలేదు.

ఫోన్ చేసి "అన్నా, రాలే" అన్నాడు. అంతే. మేము కూడా ఏం మాట్లాడలేకపోయాం. ఎనిమిదో మంచం మీద అప్పటికే వేరే మనిషి ఉన్నాడు.

వారం తర్వాత వాడే మళ్ళీ చేశాడు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి దళాల కానిస్టేబుల్ భర్తీకి పెట్టుకుంటానన్నాడు. దానికి మామూలుగా ఇరవై మూడేళ్ళ దాకా వయసుంది, బీసీలకు ఇంకో మూడేళ్ళు సడలింపు. అందులో 24 నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు ఉరకాలి. "పొద్దుగాల ఊరి చెరువు కట్ట మీద ఉరుకుతున్న. అరవై ఆరున్న" అన్నాడు. ర్యాలీలో 2022లో తప్పిన పదమూడు సెకన్లు ఈసారి తప్పలేదు, ఇరవై సెకన్లు తగ్గించాడు. ఆ మాట వాడికి చెప్పాం.

మీకో మాట

ఇంటి దగ్గర మీ తమ్ముడో కొడుకో సైన్యానికి తయారవుతుంటే, ఇక్కడి నుంచి పంపే పైసలతో ముందు మంచి బూట్లు, గుడ్లు, పుస్తకాలు కొనిపించండి. తొందరగా కండ వస్తుందని, ఒళ్ళు కరుగుతుందని అమ్మే పొడులు, మాత్రలు వద్దని చెప్పండి. వయసు, బరువు, చదువు నియమాలు ప్రతి ఏడాది నోటిఫికేషన్లో స్వయంగా చదివించండి. దళారి మాట వినొద్దు.

ఇక ఇక్కడ మీ రూములో అట్లాంటి కుర్రాడు ఉంటే వాడిని ఒంటరిగా పరుగెత్తనివ్వకండి. పొద్దున నాలుగింటికి ఒకరైనా నీళ్ళ సీసా పట్టుకుని వెంట నిలబడండి.

మా రూములో నూనె డబ్బా ఇప్పటికీ పదహారు రోజులు వస్తోంది. షుగరున్న డ్రైవర్ అన్న తెల్లవారుజామున ఆ ఎనిమిది వందల మీటర్ల దారి మీద నడుస్తున్నాడు. పైపు మాత్రం ఖాళీగా ఉంది. ఎవరైనా పిల్లగాడు వస్తాడేమోనని దాన్ని తీసేయకుండా అట్లాగే ఉంచాం.