తెడ్డు బరువు భుజానికే తెలుసు

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో (2023) అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జోడీ కనూ వెయ్యి మీటర్ల పందెంలో కాంస్యం తెచ్చింది. ఆ పడవలో వాళ్లు ఎలా కూర్చున్నారో గమనించారా? అసలు కూర్చోరు! ఒక మోకాలు ఆనించి, రెండో పాదం ముందుకు పెట్టి, ఎవరి తెడ్డు వాళ్లు ఒకే పక్క వేస్తారు. పోటీలోనే కాదు, ఏళ్ల తరబడి సాధనలోనూ అదే పక్క! దాంతో వీపు కండరాలు ఒకవైపే బలిసి, నడుం పట్టేస్తుంది. ఆనించిన మోకాలికీ తిప్పలే.

కయాక్‌లో అయితే కూర్చుని రెండు వైపులా వేస్తారు. హాయే అనుకుంటాం గానీ, రోజూ వేలసార్లు తిరిగే భుజం కీలు అరిగిపోయేది అక్కడే. తెడ్డును మరీ బిగించి పట్టుకుంటే మణికట్టు వాచి, కదిలిస్తే లోపల కిరకిరలాడుతుంది. ఉరికే నీళ్లలో ఆడే స్లాలమ్‌లో ఇంకో ప్రమాదం. పడవ బోల్తా పడకుండా ఆపబోయి చెయ్యి తలపైకి, వెనక్కి వెళ్లిందా, భుజం జారిపోవచ్చు. కుర్రవయసులో ఒకసారి జారితే మళ్లీ మళ్లీ జారే అవకాశం ఎక్కువ.

నిజానికి తెడ్డు లాగాల్సింది చేత్తో కాదు, నడుం తిప్పి, కాళ్లు తన్ని. అలసిపోగానే ఆ పద్ధతి గాలికి పోతుంది, భారమంతా భుజాల మీద పడుతుంది.

తల దువ్వుకోడానికి చెయ్యి లేవకపోయినా, ఆ పక్కకి ఒత్తిగిలితే నిద్ర పట్టకపోయినా తెడ్డు దించి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. సెలెక్షన్స్ వారంలో మాత్రం ఈ మాట ఎవరి చెవికీ ఎక్కదు.