మేడలు రేపు మ్రింగబోవు విద్యుత్తు

వైశాఖపు టెండలలో, హైదరాబాదు పడమటి శివారున అద్దాల తొడుగుతో నిలిచియున్న కార్యాలయ సౌధము దినమునకెంత విద్యుత్తును మ్రింగుచున్నదో తెలియగోరువారు మీటరు చూచిన చాలును; ఇంకను పునాదియైన పడని సౌధము ఇరువది యేండ్ల పిదప ఎంత కోరునో నేడే గణించుట వేరొక విద్య.

గోడ మందమెంత, అద్దము ఏ దిక్కునకున్నది, లోపల ఎందరు కూర్చుందురు, ఎన్ని దీపములు వెలుగును, చల్లదనమునిచ్చు యంత్రమెంత సమర్థమైనది అను వివరముల నన్నిటిని కంప్యూటరున కొసగి, ఆ యూరి సంవత్సర వాతావరణమును 8,760 గంటలుగా విడదీసి, గంటగంటకును లోనికి చొరబడు వేడిమిని లెక్కింతురు. ఇట్టి మచ్చు భవనములను కొన్నిటిని గణించి, రాగల కట్టడముల వైశాల్యముతో హెచ్చవేసినచో భావ్యవసరము తేలును. పిమ్మట పడమటి అద్దమును తగ్గించి, కప్పునకు తెల్లని పూత పూసి (కాగితము మీదనే సుమా!) మరల లెక్కింపగా వచ్చిన వ్యత్యాసమే శాసనకర్తకు ఆధారము. విజయవాడ ఉక్కకు చెల్లిన ఉపాయము హైదరాబాదునకు చెల్లకపోవచ్చును గనుక, ఈ గణనకై దేశమును 5 వాతావరణ మండలములుగా విభజించిరి.

2001 నాటి ఇంధన పొదుపు చట్టము ననుసరించి 2007లో వాణిజ్య భవనములకు ఒక నియమావళి వెలువడగా, 2014లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దానిని స్వీకరించెను. నివాస గృహములకు అట్టిది 2018లో వచ్చినది. 2019లో కేంద్రము ప్రకటించిన శీతలీకరణ ప్రణాళిక మాత్రము చదువరిని ఉలికిపడజేయును: 2017-18తో పోల్చగా 2037-38 నాటికి దేశమున చల్లదనపు అవసరము సుమారు 8 రెట్లు, అందు భవనముల వంతు దాదాపు 11 రెట్లు కాగలదట! అయినను, అందుకు వెచ్చించు శక్తిలో 25 నుండి 40 శాతము తగ్గింపవచ్చునని ఆ పత్రమే లక్ష్యము నిర్దేశించినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుట ఈ దిశగా వేసిన అడుగే.

ఇంతటి గణితమును తారుమారు చేయగలవాడు ఆ భవనమున వసించు మనుష్యుడు. 2020 నుండి గది ఏ.సి.లు 24 డిగ్రీల వద్దనే మొదలగునట్లు నియమము చేసిరి; రిమోటు మాత్రము మన చేతనే యున్నది. కావున, అనుమతి కొరకు దాఖలైన అంచనాను, జనము చేరిన రెండేండ్లకు మీటరు చూపిన అంకెతో సరిపోల్చి, ఆ రెంటిని ప్రజలకు వెల్లడించు నిబంధనను మన పురపాలక సంఘములు పెద్ద భవనములకైనను వెంటనే విధింపవలెను.